పది అడుగుల దూరం

నాన్నా, నేను పరీక్ష తప్పానని అత్త కొడుకు చెప్పేలోగా నేనే చెప్పాలని రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది.

పరీక్షకు ఎండ పడుతున్న పొలం బొమ్మ వేశాను. ఆకుపచ్చ కలపకుండా పసుపు, నీలం చుక్కలే పక్కపక్కన పెట్టాను. పది అడుగుల దూరం నుంచి చూస్తే అవే పచ్చగా వెలుగుతాయి. దాన్ని తీసుకెళ్లి కాలేజీ మెట్ల పక్క ఇరుకు వసారాలో తగిలించారు. వెనక్కి జరిగే చోటే లేదు. మార్కులు వెయ్యడానికి వచ్చిన పెద్దాయన ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, "ఏమ్మా, మీ నాన్నది గోడలకు రంగులేసే పనటగా, బొమ్మను ఆయన పక్కన పెడితే రంగు చిందిందా?" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. అందుకు క్షమించు.

రంగులు కలిపి మళ్లీ వేస్తే పాస్ చేస్తారట, లేకపోతే ఏడాది పోతుంది. నాకు వెయ్యాలని లేదు. అమ్మ దగ్గు తగ్గిందా? చెల్లీ, ఈ కార్డు నాన్నకు నెమ్మదిగా చదివి వినిపించు. ఇంకో ఏడాది చదివిస్తావా నాన్నా? మళ్లీ వేస్తానో లేదో ఇరవయ్యో తేదీకల్లా ఇక్కడ చెప్పాలి, ఆలోగా జవాబు రాయించు.