తోడుకోని పెరుగు

బుధవారం, అర్ధరాత్రి

పెరుగు తోడుకోలేదు. ఇప్పుడే హాట్ వాటర్ కప్‌బోర్డ్, అదే వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరా, తెరిచి చూశాను, గిన్నెలో ఇంకా నీళ్లలాగే ఉంది. అమ్మ రోజూ అక్కడే వెచ్చగా ఉంటుందని పెడుతుంది, ఎప్పుడూ ఇలా అవ్వలేదు. తప్పు నాదే.

సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో అమ్మ పాలు తెమ్మంటే ఓట్స్ గింజలతో చేసే పాలు తెచ్చాను. అవి తోడుకోవని అమ్మకి తెలీదు.

"డబ్బాలో పాలేంట్రా, చిన్నా?" అంది.

"అవే మిగిలాయమ్మా" అన్నాను. పాపం, నమ్మేసి, ఇంటికొచ్చి కాచి తోడేసింది.

ఆవుపాల బాటిల్ తీసుకోవడానికి నాకు చేయి రాలేదు. శనివారం మా హామిల్టన్ ఊరి బయట నాన్న పనిచేసే డెయిరీ ఫారంలో ఒక బుజ్జి దూడ నా వేళ్లు చీకింది. దానికి పేరు పెడదామన్నాను. నాన్న అటు తిరిగి, "వద్దురా. సోమవారం బండొచ్చి కోతకి తీసుకెళ్లిపోద్ది. మగదూడలు పాలివ్వవుగా, ఉంచరు" అన్నాడు. మళ్లీ తనే, "పర్లేదులే, అలవాటైపోద్ది" అన్నాడు.

ఆ పాలు కొనొద్దని అమ్మకి ఎలా చెప్పాలి? మేం తినే అన్నమే ఆ పాల వల్ల వస్తోంది. చెబితే నాన్నని తిట్టినట్టే. చెప్పకపోతే రోజూ నేనూ తాగాలి.

తెల్లారకముందే నాన్న పాలు పితకడానికి వెళ్తాడు. పెరుగన్నం లేకపోతే ఆయనకి తిన్నట్టే ఉండదు. రేపు అన్నం క్యారేజీ తెరిచి ఉత్త అన్నం చూసి కూడా ఎవర్నీ ఏమీ అనడు. "పర్లేదులే" అంటాడు, అంతే.

దేవుడా, నాకు అలవాటు కాకూడదు. నాన్న పస్తుండకూడదు. రెండూ ఎలా కుదురుతాయి...