నంబరు ఉన్న రేకు

నవంబరు 3
మేజర్ సాబ్ కారు వచ్చింది, టెంపో మీద. డెబ్బై రెండు మోడల్. సాబ్ పోయి రెండేళ్లు — అప్పట్నుంచీ మయూర్ విహార్‌లో కవరు కిందే ఉంది. వెంట కూతురు అదితి. “అంకుల్, పాపా కీ గాడీ హై. ఆప్ హీ కరేంగే.” నాన్న బండట, నేనే బాగుచేయాలట. పిల్లకి తెలుగు అర్థమవుతుంది, నోట రాదు. సరే అన్నాను. ఘాజియాబాద్‌లో ఈ షెడ్డు పెట్టుకున్నదే ఇలాంటి బళ్ల కోసం. రిటైరైన హవల్దారు మెకానిక్కుకి ఇంకేం పని?

నవంబరు 6
రంగు గీకుతున్నాను. మడ్‌గార్డులు తుప్పు. డోర్ల అడుగు తుప్పు. డిక్కీకి నేలే లేదు, కింద సిమెంటు కనిపిస్తోంది. ఇవన్నీ కొత్త రేకు వేస్తే పోయేవే. భయం లేదు.

నవంబరు 11
బయటంతా పొగ. గొంతు మండుతోంది.
ఎడమ మడ్‌గార్డు కుదిరింది. సుత్తి, రేకు వెనక ఆనించే డాలీ దిమ్మ, ఓపిక. చేత్తో నిమిరితే ఎక్కడా ఎత్తుపల్లం తగలడం లేదు. ఈ పనిలో నన్ను మించినవాడు లేడు — డైరీలో అనుకుంటే తప్పేముంది.

నవంబరు 14
ముందు కుడి చక్రం విప్పాను. ఆ చక్రాన్ని మోసే ఫ్రేము పట్టీని స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. పిడి దాకా దిగింది.
సరిగ్గా దాని మీదే ఛాసిస్ నంబరు కొట్టి ఉంది.

నవంబరు 15
పట్టీ కోసేస్తే నంబరు పోతుంది. కోసి అతికించిన నంబరును ఇన్‌స్పెక్టర్లు ఇట్టే పట్టేస్తారు, దొంగ బండి అంటారు. ఇక వింటేజ్ కాగితాలు రావు. కాగితాల్లేని పాత బండిని ఢిల్లీలో బతకనివ్వరు, స్క్రాపుకి లాక్కెళ్తారు.
కోయకపోతే... ఏ గుంతలోనో పట్టీ విరుగుతుంది. చక్రం ఊడుతుంది. లోపల మనుషులుంటారు.
అదితికి చెప్పాలి.

నవంబరు 16
చెప్పలేదు. ఎందుకో ఇక్కడైనా రాసుకోవాలి.
ఇరవై ఏళ్ల కిందట కంటోన్మెంటులో సాబ్ ఈ మూలని గోడకి గుద్దారు. సరిచేసింది నేనే. చుట్టూ రేకు మూసి అందంగా వెల్డింగు చేశాను. నీళ్లు పోవడానికి ఒక్క రంధ్రం పెట్టలేదు. నిన్న చేరినవాడు కూడా చేయని తప్పు. అప్పట్నుంచీ ప్రతి వానాకాలం నీళ్లు లోపలే నిలిచాయి. ఆ రోజు సాబ్ నా వీపు తట్టారు. “రావు చెయ్యి పడ్డాక ఇంక బెంగ లేదోయ్.”
సిగ్గుగా ఉంది. భయం కన్నా సిగ్గే ఎక్కువగా ఉంది.

నవంబరు 22
వెల్డింగు పట్టించి చూశాను. మంట తగిలితే చాలు, చిల్లు పడుతోంది. అతకదు. చివరికి పుట్టీ మెత్తాను. దాని మీద నల్ల కోటింగు. నంబరును మాత్రం బ్రష్‌తో తళతళలాడేలా తుడిచాను.
దొంగ పని.

డిసెంబరు 9
తనిఖీలో బండి పాసైంది. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి నంబరు రెండుసార్లు చదివాడు. “ఫౌజీ కా కామ్ హై, సాఫ్ దిఖ్తా హై.” సైనికుడి పని అని చూస్తేనే తెలుస్తోందట. అదితి వంగి నా కాళ్లు ముట్టుకుంది. వెనక్కి జరగబోయి జాక్ తట్టుకుని పడబోయాను.
ఆదివారం పాత కార్ల ర్యాలీ అట. తల్లిని, మా మేమ్‌సాబ్‌ని, ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తుందట.

డిసెంబరు 12
డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి రోటర్ పీకి జేబులో వేసుకున్నాను. వేలెడు ముక్క. అది లేకపోతే బండి చచ్చినా స్టార్టవదు.
అదితికి ఫోను. పార్టు పోయింది బేటా, దొరకడం లేదు. “కోయీ బాత్ నహీ, అంకుల్.” పర్లేదంది.
ఈ ర్యాలీ తప్పింది.

జనవరి 4
మళ్లీ అడిగింది. కశ్మీరీ గేట్ స్పేర్ పార్టుల బజారులో వెతికిస్తున్నానన్నాను. ఇదివరకు ఆ పిల్ల గొంతులో నవ్వుండేది.
మా సరోజ: “ఆ జేబులో ఏటండీ? రోజూ తడుముకుంటన్నారు.” నట్టు అన్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో నా అబద్ధం దానికి తెలియదా.

జనవరి 17
రేపు సాయంత్రం మయూర్ విహార్ వెళ్తాను. ముఖం చూసే చెప్తాను. తప్పు నాదని, బండి నడపొద్దని.

జనవరి 18
పొద్దున పంటి డాక్టరు దగ్గరికెళ్లి వచ్చేసరికి షెడ్డు ఖాళీ.
సరోజ: “అదితి పాప వేరే మెకానిక్కుని తెచ్చుకుందండి. ఏదో ముక్క పెట్టాడు, అయిదు నిమిషాల్లో స్టార్టయిపోనాది. మేమ్‌సాబ్ కూడా వచ్చారు, ముందు సీట్లో కూకున్నారు. ఆగ్రా వైపు ర్యాలీ అంట. తాళం నేనే ఇచ్చాను.”
అరిచాను దాని మీద. పాపం, దానికేం తెలుసు.
ఫోను చేశాను. అదితి నడుపుతోంది, మేమ్‌సాబ్ ఎత్తారు. వెనకంతా గాలి హోరు. “రావూ! ఎంత మెత్తగా పోతోందయ్యా! ఎనభైలో కూడా ఊగట్లేదు. మీ సాబే పక్కనున్నట్టుంది.”
“నెమ్మదిగా వెళ్లమనండమ్మా” అన్నాను. అంతే వచ్చింది నోట.
“అలాగేలే” అని నవ్వి పెట్టేశారు.

చెప్పాల్సింది ముందు ఇక్కడ రాసుకుంటున్నాను, చూసి చదవడానికి.
బండి రోడ్డు పక్కకి తీసి ఆపండి. దిగిపోండి. కుడి చక్రం దగ్గర ఫ్రేము తుప్పు తినేసింది. నాకు ముందే తెలుసు. పుట్టీ పెట్టి దాచింది నేనే.
మళ్లీ చేశాను. మోగుతోంది. ఎత్తితే చదవాలి...