నా వేళ్ళు చూసి

చిలకలపూడి,
14 నవంబరు 2025, శుక్రవారం.

నాగాయలంకలో చేపల బుట్ట ముందు కూర్చుని లోకమంతటికీ బుద్ధులు చెప్పే మా బుల్లెమ్మ వదినకు ఖైరున్ బీ సలాములు. ఇక్కడ మేమంతా క్షేమం. నీ మోకాళ్ళు తప్ప అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే స్పీకరు పెట్టి బజారంతటికీ వినిపిస్తావు. అందుకే ఉత్తరం రాసి ఐసు వ్యాను శ్రీను చేతికిస్తున్నాను. దస్తూరీ చూశావా? నా చేత్తోనే రాస్తున్నాను. రోల్డ్‌గోల్డ్ గొలుసులు అతికీ అతికీ కొంకర్లు పోయిన వేళ్ళు ఇవేనా అని మనవరాలు ఇఫ్రా కూడా ఆశ్చర్యపోయింది. మొన్న ఈ వేళ్ళు చూసే కదా నువ్వూ గుడివాడ ఆసుపత్రిలో కొత్త మందుకు పేరు రాయించుకున్నావు!

ఆ మందు ఏమిటని అడిగావు. డాక్టరు గారు చెప్పిందే చెబుతాను. కార్బన్‌తో గొట్టాలు చేస్తారట, వెంట్రుకను వేల పాయలుగా చీల్చితే ఉండేంత సన్నంగా. వాటిలో కీళ్ళవాతం మందు నింపి సూదితో ఎక్కిస్తే, వాచిన కీలు దగ్గరికే వెళ్ళి దించుతాయట. ఇంకా పరీక్షలో ఉన్న మందండీ, ఒప్పుకుంటేనే ఇస్తాం అని కాగితమంతా చదివి వినిపించారు. మందు దించాక ఆ గొట్టాలు ఎక్కడికి పోతాయండీ అని అడిగాను. చాలావరకు బయటికి పోతాయి, మిగతాది ఏమవుతుందో చూస్తున్నామండీ అన్నారు. ఆ రెండో మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

అందరిలోకీ నాకే బాగా కుదిరిందట. కొత్తవాళ్ళు వస్తే నన్ను పిలిచి వేళ్ళు ముడిచి తెరవమంటారు. నేనూ గాజులు తొడిగించుకునేదానిలా చేతులు చాపి మురిసిపోయాను. మాణిక్యమ్మ అని గుడివాడ ఆవిడ, నా వేళ్ళు పట్టుకుని చూశాకే సంతకం పెట్టింది. మూడో సూది తర్వాత ఆమెకు దగ్గు పట్టుకుంది. మాకు సూదులు వేసేది బుధవారాలే కదా, రెండు వారాలుగా ఆసుపత్రి బల్ల మీద ఆమె చోటు ఖాళీ. ఏమైందమ్మా అంటే నర్సమ్మ మాట మార్చేసింది. నాకు భయంగా ఉంది వదినా.

వచ్చే బుధవారం నీకు మొదటి సూది అన్నావు. అంత తొందరేముంది? ఒక నెల ఆగరాదూ.

నీ
ఖైరున్

తా.క. సోమవారం రాస్తున్నాను. శ్రీను వ్యాను ఇటు రాలేదు, అదే మంచిదైంది. మాణిక్యమ్మకు ఆక్సిజన్ పెట్టారని నిన్న తెలిసింది. ఆ మందు వల్లో కాదో నాకు తెలియదు. తెలిసింది మాత్రం దాచను. వేరే మందులేవీ వాడకూడదని కాగితంలో ఉంది. నేను వాడాను. పెళ్ళిళ్ళ ఆర్డర్లు మీద పడ్డాయి, చేతులు ఆగితే పని పోతుంది. మా వీధి ఆర్‌ఎంపీ గోవర్ధనరావు ఇచ్చే తెల్ల బిళ్ళలు మొదటి సూదికి ముందు నుంచీ రోజూ మింగుతూనే ఉన్నాను. డాక్టరు గారు అడిగిన ప్రతిసారీ లేదండీ అన్నాను. పాపం మాణిక్యమ్మ నా వేళ్ళను నమ్మింది.

బుధవారం నువ్వు బస్సెక్కకు. ఇఫ్రాని తోడు తీసుకుని నేనే వెళ్ళి అంతా చెప్పేస్తాను. శుక్రవారం ఈ ఉత్తరం ముగించగానే బిళ్ళలు మానేశాను, ఏది పనిచేస్తోందో తేలాలని. తేలింది. పైన ఉన్న అక్షరాలు చూసి, ఈ అక్షరాలు చూడు.