జాంబీల కథకు నాన్న జవాబులు

భద్రాచలం,
నవంబర్ 4

ప్రియమైన నాన్నకు,

నేను బాగున్నాను. దగ్గు తగ్గింది. ఫోన్ ఎప్పటిలాగే వార్డెన్ దగ్గర ఉంది, కానీ ఈ ఉత్తరం అందుకని రాయడం లేదు. ఇది నా చదువులో భాగం.

మా ఇంగ్లీషు నాగలత మేడం ఈ సెమిస్టర్‌లో జాంబీల కథలు చెబుతున్నారు. జాంబీలంటే చచ్చి లేచి నడిచే మనుషులు. వాళ్ళు కరిస్తే కరిపించుకున్నవాళ్ళు కూడా అలాగే అయిపోతారు. నవ్వకు, ఇరవై మార్కులు. ఎవరికి వాళ్ళు తమ ఊరికి జాంబీలు వచ్చినట్టు పన్నెండు పేజీల కథ రాయాలి. తుపాకులు ఉండకూడదు, హెలికాప్టర్ రాకూడదు. మన బాట, మన బోరు, మన మనుషులే ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఉత్తరం రాసి మూడు ప్రశ్నలు అడిగి, వాళ్ళ చేతిరాతతో వచ్చిన జవాబును కథకు జతచేయాలి. ఫోన్‌లో అడిగితే నీకు తోచింది రాసుకో అని పెట్టేస్తారట.

ప్రశ్నలు ఇవి. వాళ్ళు మన తండాలోకి ఏ దారిన వస్తారు? ఆ దారిని ఎవరు, ఎలా మూస్తారు? వచ్చినవాళ్ళలో మనవాళ్ళు ఉంటే ఏం చేస్తాం?

అమ్మ మొదటి ప్రశ్నకే దేవుడి పటం ముందు కూర్చుంటుంది. కాబట్టి నువ్వే రాయాలి. తొందరగా.

నీ బిడ్డ
భార్గవి

*

ఇల్లందు,
నవంబర్ 9

ప్రియమైన భార్గవికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. టీచరు ఉద్యోగం చేస్తావని అంత దూరం పంపితే శవాలు నడిచే కథలు రాయిస్తున్నారా? గని పంప్‌హౌస్‌లో నాతో పనిచేసే రామ్‌సింగ్‌కు చూపించాను. "గివి మా పిల్లలు ఫోన్ల సూస్తరు. గిప్పుడు కాలేజీల గూడ చెప్తున్నరా?" అని నవ్వాడు. నాకు తలకొట్టేసినట్టయింది.

మార్కుల కోసమని రాస్తున్నాను. మన తండాకు వచ్చేది ఒకటే దారి, కల్వర్టు మీదుగా. రెండు తాటి మొద్దులు అడ్డం వేసి, వాటి మీద రేగుకంప కప్పాలి. మొద్దులు వట్టివే వేస్తే బండి పక్కనుంచి తప్పించుకుని వస్తుంది. పగలు నలుగురు, చీకటి పడ్డాక నలుగురు కాపలా ఉండాలి. ఆడవాళ్ళను కంప దగ్గరికి రానివ్వకూడదు, వాళ్ళ మనసు ఆగదు. బయటివాళ్ళకు మిరప చేలో మోటారు షెడ్డు ఉంది.

మూడో ప్రశ్నకు జవాబు లేదు. అలాంటివి ఆడపిల్లలను అడగడమేమిటో మీ ప్రిన్సిపాల్‌నే అడుగుతాను. అమ్మ పచ్చడి పంపింది, సీసా మూత గట్టిగా పెట్టు.

మీ నాన్న
కిషన్‌లాల్

*

భద్రాచలం,
నవంబర్ 16

ప్రియమైన నాన్నకు,

అన్నంత పనీ చేశావు. నువ్వు ఫోన్ చేశాక ప్రిన్సిపాల్ గారు నాగలత మేడంను గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడారు. క్లాసులో అందరూ నావైపే చూస్తున్నారు. మేడం మాత్రం నన్ను ఏమీ అనలేదు. "మీ నాన్న రెండో ప్రశ్నకు రాసినంత బాగా ఎవరి నాన్నా రాయలేదు భార్గవీ" అన్నారు. అప్పుడు నీ ఉత్తరం మళ్ళీ చూశాను.

రేగుకంప, నలుగురేసి కాపలా, మోటారు షెడ్డు. ఇవి ఊహించి రాసినవి కావు. ఇది కరోనా రెండోసారి వచ్చిన మే నెల, నాయనమ్మ పోయిన నెల. నేనూ అమ్మా లాక్‌డౌన్‌కు కల్లూరులో ఉండిపోయాం కాబట్టి నేనేమీ చూడలేదు. మోతీలాల్ కాకా హైదరాబాద్ నుంచి తెచ్చిన రోగం నాయనమ్మకు అంటిందని తండాలో అందరూ అంటారు. నువ్వు మాత్రం నీ తమ్ముడితో మాటల్లేకపోవడానికి పొలం గట్టు గొడవ కారణమంటావు. మూడున్నరేళ్ళుగా అదే మాట. ఆ గట్టు ఎక్కడుందో ఒక్కసారీ చూపించలేదు.

నువ్వు చెప్పవు కాబట్టి బోనకల్‌కు, కాకాకే రాశాను. వెంటనే జవాబు వచ్చింది. "మీ నాయననే అడుగు బిడ్డా. నేను చెప్తే నేరం ఒప్పుకున్నట్టయితది." ఇంతే ఉంది. ఏం నేరం నాన్నా? మీ ఇద్దరి మధ్యా నాకు పిచ్చెక్కేలా ఉంది.

నీ బిడ్డ
భార్గవి

*

ఇల్లందు,
నవంబర్ 20

భార్గవికి,

కాకాకు రాయమని నీకెవరు చెప్పారు? ఇదేనా మీరు నేర్చుకునేది, ఇళ్ళలో మానిన పుళ్ళు గోకడం? ఆదివారం వస్తున్నాను. టీసీ తీసుకుని ఖమ్మంలో కామర్స్‌లో చేర్పిస్తాను. సామాను సర్దుకుని ఉండు. అమ్మతో ఇప్పుడే ఏమీ అనకు.

మీ నాన్న

*

భద్రాచలం,
నవంబర్ 25

ప్రియమైన నాన్నకు,

నిన్న ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు, నువ్వే చెప్పాలి. సామాను సర్దుకుని, ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉదయం నుంచి ఎదురుచూశాను. వచ్చావు. మేడంతో గట్టిగా మాట్లాడావు. "ముందు మీ అమ్మాయి ఏం రాసిందో చదవండి, తరువాత తీసుకెళ్ళండి" అని ఆవిడ నా కథ నీ చేతిలో పెట్టారు. నువ్వు హాస్టల్‌కు వచ్చిపోయేవాళ్ళ షెడ్డులో కూర్చుని చదివావు. కంచె కాపలావాడు తన కాటును తువ్వాలు కింద దాచుకునే చోట ఆగిపోయావు. ఆ పేజీ ఎంతసేపటికీ తిప్పలేదు.

అది నిన్ను ఉద్దేశించి రాసింది కాదు నాన్నా. ఇలాంటి కథల్లో ఎవరో ఒకరు కాటు దాచుకుంటారని మేడం బోర్డు మీద రాసి మరీ చెప్పారు. క్లాసులో సగం మంది అదే రాశారు.

నువ్వు కాగితాలు మడిచి ఇచ్చేసి, నా తల మీద చేయిపెట్టి, పన్నెండున్నర బస్సుకు వెళ్ళిపోయావు. టీసీ అడిగావో లేదో ఆఫీసులో ఎవరికీ తెలియదు. నేను సామాను విప్పాలా, వద్దా? కథ వచ్చే వారం మంగళవారం ఇవ్వాలి. దయచేసి ఒక్క మాట రాయి.

నీ బిడ్డ
భార్గవి

*

ఇల్లందు,
నవంబర్ 29

ప్రియమైన భార్గవికి,

టీసీ తీసుకోలేదు. మిగతాది నువ్వు స్థిమితంగా చదవాలని ఆ మాట ముందు రాస్తున్నాను.

ఆ మే నెలలో తండా అంతా తలుపులు వేసుకుంది గానీ నేను రోజూ గనికి పోతూనే ఉన్నాను. బొగ్గు ఆగదు. కంప వేసే నాటికి మా పంప్‌హౌస్‌లో ఇద్దరికి రోగం వచ్చింది. నాకు మూడు రోజులుగా గొంతు మంట, ఒళ్ళు నొప్పులు. చెబితే నన్నే కంప బయట నిలబెడతారని భయపడ్డాను. వేడినీళ్ళు తాగి, మూతికి తువ్వాలు కట్టుకుని, అందరికంటే ముందు కాపలాకు నిలబడ్డాను. ముందు నిలబడ్డవాడిని ఎవరూ అనుమానించరు కదా.

మోతీలాల్ ఆ మధ్యాహ్నం మోటారుసైకిల్ మీద వచ్చాడు. వెనక వాడి భార్య సరళ, మధ్యలో మూడేళ్ళ పాప. "అన్నా, కంప జరుపు. పిల్ల ఎండకు సోలుతంది" అన్నాడు.

"ఆడనే ఉండు" అన్నాను.

"మాకేం లేదే. టెస్టు గూడ చేయించుకున్నం."

నేను కర్ర ఎత్తాను. నా తమ్ముడి మీద. మా అమ్మ ఎవరి మాటా వినకుండా వచ్చి, కంప సందులోంచి చేతులు చాపి పాపను ఒక్క నిమిషం ఎత్తుకుంది. నేనే లాక్కుని వెనక్కి ఇచ్చేశాను. వాళ్ళు షెడ్డుకు పోయారు. నేను ఇంటికి పోయి, రోజూలాగే మా అమ్మ పక్కన కూర్చుని తిన్నాను. పది రోజులకు అమ్మ పోయింది. ఆ నిమిషం ఎత్తుకున్నందుకే అంటిందని తండా అంతా అంది. నేను కాదనలేదు. మోతీలాల్‌ను ఆఖరిచూపుకు రావద్దని చెప్పింది కూడా నేనే. షెడ్డులో ఆ ముగ్గురికీ ఒక్కనాడూ జ్వరం రాలేదు.

నీ కథలో ఆ పేజీ చదివాక ఇంటికి పోబుద్ధి కాలేదు. ఖమ్మం మీదుగా బోనకల్ పోయాను. వాడు స్టేషన్ దగ్గర తన ఇంటి ముందు ట్రాలీ ఆటో కడుగుతున్నాడు. నన్ను చూసి నీళ్ళు కట్టేశాడు. నిలబడే అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

వాడు ఆటో అంచు మీద కూర్చున్నాడు. "నేనే సంపిన అనుకున్ననే. పాపను దగ్గరికి తీసుకపోయి మా అమ్మను నేనే సంపిన అనుకుంట బతుకుతున్న. పిల్లను గూడ సరిగ ఎత్తుకోకపోతి."

పొలం గట్టు గొడవ అని నేను ఊరంతా చెబుతుంటే వాడు ఇది మోశాడు. సరళ లోపలి నుంచి వచ్చి నా ముఖం చూడకుండా మంచినీళ్ళు పెట్టింది. పాప ఆట ముగించుకుని వచ్చి నేనెవరో అడిగింది. నేనే చెప్పాను.

మీ అమ్మకు చెప్పేశాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. వచ్చే ఆదివారం తండాలో అందరినీ కూర్చోబెట్టి చెబుతాను. మోతీలాల్‌ను రమ్మని అడగలేదు, అడిగే ముఖం లేదు. నేను బస్సెక్కుతుంటే వాడే వచ్చి, "నువ్వు చెప్పేటప్పుడు నేనుండాలె. నా చెవులతోని ఇనాలె" అన్నాడు.

ఈ ఉత్తరం కథకు జతచేయి. మేడంకు నేను క్షమాపణ చెప్పానని చెప్పు. సామాను విప్పుకో.

మీ నాన్న
కిషన్‌లాల్