పాడైతే ఎవర్ని పట్టుకోవాలి

2004 జులై 10, రెండో శనివారం

మళ్ళీ వెళ్ళాను. మేడ్చల్‌లో టైర్ల షాపు మీద గది. లైనక్స్ వాళ్ళ నెలవారీ మీటింగు — సాఫ్ట్‌వేర్‌ను ఊరికే పంచుకునే మనుషులు. నేను తప్ప అందరూ మగవాళ్ళే, చిన్నవాళ్ళే. సగం అర్థం కాలేదు. పోయిన నెల టీ బాగాలేదన్నాయన ఈసారి ఫ్లాస్కు మోసుకొచ్చాడు. ఇక్కడ అదే పద్ధతి. లోపం ఎవరు ఎత్తిచూపితే పని వాళ్ళది.

టీ ఈసారీ బాగాలేదు. నేను మాత్రం అనలేదు.

జులై 13

నేను చూసుకునే మా కాలేజీ లైబ్రరీ కేటలాగు వాళ్ళ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్లో పెట్టాను — పెట్టింది ఆ మీటింగులో పరిచయమైన యాదగిరి గారు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డ్యూటీ దిగి వచ్చి. నేను పక్కన కూర్చున్నాను. తెలుగు పుస్తకాల పేర్లు తెర మీద తెలుగులోనే... అమ్మజూపిన కంపెనీవాళ్ళు చూపించిన దాంట్లో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

"ఎందుకండీ మీకీ శ్రమ?"

"మంచిగున్నది గద మేడం. గందుకే."

ఇంతేనా? ఇంకేదో కారణం ఉండాలనిపిస్తుంది. ఉండక్కర్లేదా?

జులై 19

కరస్పాండెంట్ గారు లైబ్రరీకి వచ్చారు. చూశారు. బాగుందన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని —

"పుణ్యానికి ఇస్తుండ్రంటె ఏదో మతలబు ఉంటది మేడం. భూముల ధందాల తల నెరిసినోణ్ణి."

లేదన్నాను.

"సరె. రేపు ఖరాబైతె ఎవర్ని పట్టుకోవాలె? కంపెనోడైతె గల్ల పట్టి గుంజుకొస్త. గీళ్ళల్ల ఒక్కని పేరు జెప్పుండ్రి."

వచ్చే మీటింగులో అడిగి చెప్తానన్నాను. అప్పటిదాకా గడువు. లేదా కంపెనీదే కొంటారట. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు — ఆ సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు.

ఆగస్టు 2

ఇంట్లో ఈయన: "నీకెందుకు చెప్పు? కంపెనీదే కొనమను. పాడైతే వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు."

సబబే... సబబేనా?

ఆగస్టు 14, రెండో శనివారం

అడిగాను. లేచి నిలబడి మరీ. మా లైబ్రరీలో పాడైతే బాధ్యత ఎవరిదని.

"అందరం ఉన్నం గద మేడం!" — యాదగిరి గారు.

"అందరూ కాదండీ. ఒక్కరు కావాలి."

ఎవరో కీబోర్డు తుడవడం మొదలుపెట్టారు. ఇంతలో వెనక నుంచి ఆ టీ ఆయన — "అడిగినోళ్ళదే పని మేడం! మొన్న నేను, ఇయ్యాల మీరు!"

నవ్వులు. చప్పట్లు కూడా. నేనూ నవ్వాను. ఇంటికొచ్చే బస్సు దూలపల్లి చేరేలోగా ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో తెలియదు. పిలిస్తే వస్తారు, ఆ నమ్మకముంది. కానీ బాధ్యతకి నా పేరు... హాస్యానికి అన్నారా, ఖాయం చేశారా?

ఆగస్టు 16

కరస్పాండెంట్ గారి గది.

"దొరికిండా మనిషి?"

"నేనేనండీ. నన్నే పట్టుకోండి."

నా గొంతేనా అది? ఆ కంప్యూటర్ ఆపడం కూడా యాదగిరి గారిని అడిగి నేర్చుకున్నదాన్ని.

ఆయన నవ్వలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మీరంటె నమ్మకమే. మరి మీరు రేపు మా కాలేజి ఇడిసిపెట్టి పోతె?"

పోనని అనొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ ఆయన నన్ను ఉంచుతానని ఎప్పుడైనా అన్నారా? నా చేత మాట తీసుకుంటున్నారు — నాకు మాట ఇవ్వకుండానే. ఇది అక్కడే అనాల్సింది. "ఆలోచించి చెప్తానండీ" అని లేచి వచ్చేశాను.

రేపు చెప్పమన్నారు. చెప్పాలా... ముందు నా ఉద్యోగం మాటేమిటని నేనే అడగాలా?