ఏటిగట్టు దోవకు అడ్డం వేసిన కంప

అన్నా,

స్వర్ణముఖి గట్టు వెంట మన చేలో ఊరికి దోవ వదిలేటప్పుడు నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు. నువ్వు పోయి మూడేళ్లయినా ఆ కోపం నాకు పోలేదు.

ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, తిరుపతి నుంచి ఒక గుంపు లావు టైర్ల సైకిళ్ల మీద ఆ దోవనే వస్తోంది. ప్లాట్లు వేయడానికి మన చేను చూసుకుంటున్నారని నా అనుమానం. మొన్న దోవకు అడ్డంగా తుమ్మకంప వేసి, పక్కనే కూర్చున్నాను.

ముందొచ్చిన ఆడమనిషి సైకిలు దిగింది.

"ఎవురు పంపినారు మిమ్మల్ని?" అన్నాను.

"ఎవురూ పంపలా తాతా. ఈడ లారీల్లేవు, ఎత్తుపల్లాల్లేవు. ఊరికే తొక్కుకుందామని వస్తా ఉండాము."

"గులకరాళ్లలో ఊరికే ఎవురన్నా తొక్కతారా మ్మా? నాకే చెప్తావా!"

ఆమె నవ్వింది. అందరూ సైకిళ్లు భుజాన వేసుకుని, మన చెనక్కాయ చేను తొక్కకుండా ఏట్లోకి దిగి, ఇసకలో నడిచి అవతల గట్టెక్కారు. ఒక్క చెట్టు నలగలేదు. ఆ మర్యాద చూశాక నా అనుమానం ఇంకా పెరిగింది.

దోవ ఇచ్చింది నువ్వు. కంప తీయాలో వద్దో శనివారం పొద్దుగూకేలోగా కలలోకొచ్చయినా చెప్పు. పలక్కపోతే తీయమన్నావనే అనుకుంటాను.