అర్లిందా చేతులకు తుప్పు లేదు

కేప్ వెర్డె దీవుల్లో, మిందేలు పట్టణం, చేపల మార్కెట్ వెనక వీధిలో గిటార్లు బాగుచేసి బతికే లిబానియొ డువార్తె అనే నేను, డెబ్బై నాలుగేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, చుక్క కూడా తాగకుండా, నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. కుడి చెవి సరిగా వినపడదు. చేయి వణుకుతుంది కనుక మంగలి ఫిర్మినొ రాస్తున్నాడు. బుద్ధి మాత్రం నిలకడగానే ఉంది. అది ముందే తిన్నగా ఉండి ఉంటే ఈ కాగితం ఇంత పొడుగయ్యేది కాదు. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత ఫిర్మినోది. అతనికి నేనేమీ ఇవ్వడం లేదు. నా గిటారు అరువు తీసుకుని ఒక్కనాడూ తుడిచి తిరిగివ్వలేదు. ఈ మాట అతనిచేతే రాయిస్తున్నాను.

1. నేనుంటున్న రెండు గదులూ, కారే పైకప్పుతో సహా, నా చెల్లెలు ఇల్దాకు చెందాలి. నా భార్య పోయాక పదకొండేళ్లు నాకు మొక్కజొన్న, చిక్కుళ్ల కచూపా వండి పంపింది. ఉప్పెక్కువైందని రోజూ వంక పెట్టాను. ఎప్పుడూ ఎక్కువ కాలేదు.

2. ఇల్దా కొడుకు జెఫెరీనోకు గిటారు ఇవ్వకూడదు. గిటారును కిటికీలో పెట్టి సముద్రపు గాలికి వదిలేసే మనిషి వాడు. ఏమన్నా అంటే "తీగలే కదా మామా, పోతే మా బావ రోటర్‌డామ్ నుంచి పంపిస్తాడ్లే" అంటాడు. వాడికి నా కుట్టుమిషను నూనె డబ్బా, తుడుచుకోవడానికి నా పాత నూలు బనీన్లూ ఇవ్వండి.

3. పనిముట్లన్నీ వాద్యగాళ్ల సంఘానికి. వాటితోపాటు ఈ నాలుగు మాటలూ గోడకు అంటించాలి. వాయించే ముందు చేతులు కడిగి ఆరనివ్వాలి. వాయించాక తీగను పైనే కాదు, కింద కూడా తుడవాలి, చెమట నిలిచేది అక్కడే. వారానికోసారి బట్టకు ఒక్క చుక్క నూనె రాసి తీగల మీద నడపాలి. గిటారు పెట్టెలో తేమ పీల్చడానికి చిన్న బియ్యం మూట ఉంచి, నెలకోసారి దాన్ని ఎండలో వేయాలి. తీగ కింద గోరు నడిపితే గంట్లు తగిలినా, వేలికి గోధుమరంగు అంటినా, ఎంత బిగించినా శ్రుతి నిలవకపోయినా దాని పని అయిపోయినట్టే. ఆరింటినీ కలిపి మార్చేయాలి. పాత తీగలు మరగబెడితే జిడ్డు వదిలి రెండు రోజులు కొత్తవాటిలాగే మోగుతాయి గానీ, తుప్పు తినేసిన ఇనుము తిరిగి రాదు. తెలిసి తెలిసి ఆ పని ఎవరూ చేయవద్దు. నేను చేశాను.

4. ఇది చెప్పడానికే వీలునామా రాయిస్తున్నాను. పన్నెండేళ్ల కిందట జాలరి తియోఫిలొ చనిపోయాడు. మా ఊళ్లో శవపేటిక వెంట శ్మశానం దాకా పాట వాయిస్తూ నడుస్తాం. తండ్రికి తానే వాయిస్తానంది అతని కూతురు అర్లిందా. ఆమె చేపలు అమ్ముతుంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఆమెను మించిన చేయి లేదు. నాది కూడా కలుపుకునే ఈ మాట అంటున్నాను. ఓడలో పనిచేసే అన్న పంపిన కొత్త తీగలు తెచ్చి, తన గిటారుకు బిగించమని నాకిచ్చింది. ఆ ఏడాది ఊళ్లో కొత్త తీగ దొరకడమే గగనం. నా గిటారు తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. ఆమె పక్కన నడుస్తూ వాయించాల్సింది నేను. శిష్యురాలి గిటారు ఖంగున మోగుతుంటే నాది డొక్కు రేకులా మోగితే పరువేం కావాలి అనుకున్నాను. ఆమె తీగలు నేను వేసుకున్నాను. నా పాత తీగలు మరగబెట్టి, మెరిసేలా రుద్ది, ఆమె గిటారుకు వేశాను.

రొట్టెల దుకాణం మలుపులో ఆమె మూడో తీగ తెగింది. నాలుగడుగులు వేసేసరికి ఇంకోటి తెగింది. పేటిక మోస్తున్నవాళ్లు ఆగిపోయారు. తీగలు వేసింది నేనే కనుక అందరూ నావైపు చూశారు. "నన్ను చూస్తారేం? చేపలు కడిగే చెయ్యి, ఉప్పు చెమట. ఆ చెయ్యి తగిలితే ఏ తీగైనా తుప్పు పట్టి చస్తుంది" అన్నాను. తండ్రి శవం ముందు అన్నాను. ఆమె తన చేతులు చూసుకుంది. మిగతా దారంతా నేను ఆమె తీగల మీద వాయించాను. బాగా వాయించానని నలుగురూ మెచ్చుకున్నారు కూడా.

ఆ రోజు నుంచి ఆమె పేరు తుప్పుచేతుల అర్లిందా. ఎవరూ ఆమెకు గిటారు ఇవ్వరు. తనదీ అమ్మేసింది. ఒకసారి వాన పడుతుంటే నా కొట్లోకి వచ్చి, దేనికైనా తగులుతాయేమోనని రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడింది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చేపలు తాజావేనా అని అడిగాను. ఆమె చెమటలో ఏ దోషమూ లేదు. నేను దొంగను. దొంగతనం కప్పుకోవడానికి ఒక మనిషి చేతులకు అపకీర్తి తెచ్చాను. ఇది రాయిస్తూ సిగ్గుతో ఫిర్మినొ మొహం చూడలేకపోతున్నాను.

5. నా గిటారూ, దానికోసం విప్పకుండా దాచిన మూడు కట్టల తీగలూ అర్లిందాకు చెందాలి. (ఈ నిబంధన కొట్టివేయబడింది. కారణం కింద ఉంది.)

6. నా శవం వెంట ఎవరూ ఏమీ వాయించవద్దు. రొట్టెల దుకాణం మలుపులో పేటిక దింపి, నాలుగో నిబంధనను ఫిర్మినొ అందరికీ వినపడేలా చదవాలి. ఆ తర్వాతే నన్ను మోయాలి.

చేర్పు: పైదంతా నిన్న రాయించాను. ఈ రోజు సాక్షులను తీసుకురమ్మంటే, ఫిర్మినొ నన్నడగకుండా అర్లిందాను వెంటబెట్టుకొచ్చాడు. నాలుగో నిబంధన ఆమెకు చదివి వినిపించాడు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదట, గిటారో సంతకమో ఏదో ఒకటే ఎంచుకోమన్నాడు. ఆమె వచ్చి నాకూ గోడకూ మధ్య నిలబడింది.

"గిటారు నాకొద్దు మామా. సంతకం పెడతా. కానీ నువ్వు పోయాక చదివితే ఎవరికి సిగ్గు? శవానికి సిగ్గేంటి? పన్నెండేళ్లు నేను బతికుండి పడ్డా. నువ్వూ బతికుండగానే చదువు. రేపు తొమ్మిదింటికి, మార్కెట్లో, అందరూ ఉన్నప్పుడు."

నా గొంతు బాగాలేదన్నాను.

"వినపడేదాకా చదువు" అంది.

అందువల్ల ఐదో నిబంధన కొట్టేశాను. ఆరో నిబంధనలో పేటిక దింపడం, చదవడం అక్కర్లేదు. వాయించకూడదన్నది మాత్రం అలాగే ఉంటుంది. గిటారు ఎవరికివ్వాలో ఫిర్మినొ నిర్ణయించాలి, తానే ఉంచుకోకూడదు.

1991 నవంబరు 16, శనివారం ఉదయం, మిందేలు చేపల మార్కెట్లో, నాలుగో నిబంధనను నేనే నిలబడి రెండుసార్లు చదివాక ఈ వీలునామా మీద సంతకం చేశాను. మొదటిసారి వెనకవాళ్లకు వినపడలేదు.

(సంతకం) లిబానియొ డువార్తె

సాక్షులు:
1. అర్లిందా తియోఫిలొ మొంతైరు, చేపల వ్యాపారి
2. కుస్తోదియొ రాముశ్, మార్కెట్ కాటా మనిషి

రాసినవాడు: ఫిర్మినొ బ్రితు, మంగలి